సున్నం ఆగితేనే బ్లూబెర్రీ: విశాఖ మేడ మీద మట్టిని ఆమ్లంగా మార్చడమెలా?

విశాఖలో మేడ తోటలు పెంచేవాళ్లకు ఈమధ్య బ్లూబెర్రీ మీద మోజు పెరిగింది. నర్సరీలో మొక్క దొరుకుతోంది. తెచ్చి కుండీలో పెడితే కొన్నాళ్లు బాగానే ఉంటుంది. ఆ తర్వాత లేత ఆకుల్లో ఈనెలు ఆకుపచ్చగానే ఉండి, వాటి మధ్య భాగం పసుపెక్కుతుంది. అంచులు మాడతాయి, ఎదుగుదల ఆగిపోతుంది. ఎవరిని అడిగినా సలహా ఒకటే: "దీనికి ఆమ్ల నేల కావాలండీ, కాస్త వెనిగర్ పొయ్యండి, కాఫీ పిప్పి వెయ్యండి, నిమ్మచెక్కలు నానబెట్టిన నీళ్లు పొయ్యండి."

ఇందులో మొదటి మాట నూటికి నూరుపాళ్లు నిజం. మిగతావే మనల్ని తప్పుదారి పట్టిస్తున్నాయి. మట్టిలో ఆమ్లాన్ని మింగేసే సున్నం ఉన్నంతకాలం, రోజూ పోసే నీళ్లతో ఇంకొంత సున్నం వచ్చి చేరుతున్నంతకాలం, పైనుంచి ఎంత పులుపు పోసినా నిలవదు. ముందు సున్నం ఎక్కడినుంచి వస్తోందో పట్టుకుని ఆపాలి. ఆ తర్వాత, ఇప్పటికే ఉన్నదాన్ని నెమ్మదిగా కరిగించే పని గంధకానికి అప్పజెప్పాలి. ఈ వరస తెలిస్తే ఖర్చూ తక్కువే, టెన్షనూ తక్కువే.

మొక్క ఇలా ఎందుకు అడుగుతుంది?

బ్లూబెర్రీ పుట్టిల్లు ఉత్తర అమెరికా. అక్కడ ఇసుకా, కుళ్లిన ఆకులూ కలిసిన చిత్తడి నేలల్లో అడవి పొదగా పెరిగేది. వేల ఏళ్ల వానలకు కాల్షియం అంతా కొట్టుకుపోయిన నేలలవి. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేదాకా దీన్ని తోటలో పెంచడం ఎవరికీ కుదరలేదు. మంచి నేల చూసి, పశువుల ఎరువు వేసి, సున్నం చల్లి శ్రద్ధగా పెంచబోతే మొక్క కుంగిపోయేది. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్ ఈ చిక్కు విప్పారు. 1910లో ప్రచురించిన తన ప్రయోగాల్లో ఈ మొక్కకు ఆమ్ల నేల తప్పనిసరి అని చూపించారు. తర్వాత న్యూజెర్సీలో సొంత పొలాలున్న ఎలిజబెత్ వైట్‌తో కలిసి అడవి పొదల్లోంచి మంచివాటిని ఎంచి పెంచారు. అలా 1916లో తొలి సాగు పంట అమ్మకానికి వచ్చింది. ఇవాళ ప్రపంచమంతా తింటున్న బ్లూబెర్రీకి మొదలు అదే.

ఆమ్లత్వాన్ని కొలిచే అంకె పీహెచ్: 7 అయితే తటస్థం, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. బ్లూబెర్రీకి కావలసిన పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య. పీహెచ్ ఒక్క అంకె మారితే ఆమ్లత్వం పది రెట్లు మారుతుంది. అంటే 7 దగ్గరున్న మట్టిని 5కి తేవాలంటే ఆమ్లత్వాన్ని నూరు రెట్లు పెంచాలన్నమాట. ఇది తెలిస్తే, రెండు చెంచాల వెనిగర్‌తో పని అయిపోతుందని ఎవరూ అనుకోరు.

బ్లూబెర్రీ వేళ్లు చాలా సన్నం, పైపైనే పరుచుకుంటాయి. మిగతా మొక్కల వేళ్లకుండే నూగు వీటికి ఉండదు. సొంత నేలలో ఒక జాతి శిలీంధ్రం ఈ వేళ్లలోకి చేరి పోషకాలు అందిస్తుంది. పీహెచ్ పెరిగేకొద్దీ మట్టిలోని ఇనుము కరగని రూపంలోకి వెళ్లిపోతుంది, ఈ బలహీనమైన వేళ్లు దాన్ని లాగలేవు. లేత ఆకు పసుపెక్కడానికి కారణం ఇదే. ఇంకో ఇబ్బంది నత్రజనితో. చాలా మొక్కలు నైట్రేట్ రూపాన్ని హాయిగా వాడుకుంటాయి. బ్లూబెర్రీకి అది అంతగా చేతకాదు, దానికి అమ్మోనియం రూపమే కావాలి. ఆమ్ల నేలలో అమ్మోనియం ఎక్కువకాలం అలాగే నిలుస్తుంది. మామూలు నేలలో బ్యాక్టీరియా దాన్ని త్వరగా నైట్రేట్‌గా మార్చేస్తుంది.

కాబట్టి ఇనుము మందు ఒక్కసారి కొట్టి ఆకుల రంగు మార్చినంత మాత్రాన రోగం పోదు. వేరు చుట్టూ ఉన్న పరిస్థితి మారాలి.

మన మట్టిలో సున్నం ఎక్కడిది?

విశాఖ మట్టి ఎర్రన. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ ఎరుపంతా ఇనుము ఆక్సైడ్‌దే. ఇంత ఇనుము కళ్లముందుంటే మొక్కకు ఇనుము లోపమేమిటని చాలామంది అడుగుతారు. మట్టిలో ఇనుము ఎంత ఉందన్నది ఒక లెక్క, అందులో వేరుకు అందేది ఎంత అన్నది ఇంకో లెక్క. ఆ రెండోదాన్ని నిర్ణయించేది పీహెచ్. మట్టి రంగు చూసి ఆమ్ల నేల అనుకోకూడదు.

అలాగని ఎర్ర గరప నేల చెడ్డదేం కాదు. తూర్పు కనుమల రాళ్లు అరిగి ఏర్పడిన ఈ నేలల్లో సున్నం సహజంగా తక్కువే. నగరంలో అసలు చిక్కు మనం కలిపినవాటితో వస్తుంది. ఇల్లు కట్టాక మిగిలిన సిమెంట్ పెళ్లలు, గచ్చు ముక్కలు, ప్లాస్టరింగ్ రాలినది, అన్నీ కలిసిన మట్టినే కాంపౌండు గోడ వెంబడి పోసి మొక్కలు పెడతాం. సముద్రపు ఇసుక కలిస్తే అందులోని గవ్వల, చిప్పల పొడి అంతా కాల్షియం కార్బనేటే, అంటే సున్నమే. పైగా మంచి చేస్తున్నామనుకుని మనం వేసే కట్టెల బూడిద, కోడిగుడ్ల పెంకులు కూడా సున్నం జాతివే. బాగా మాగిన పశువుల గత్తం, వర్మీ కంపోస్టు వంగకీ బెండకీ అమృతం లాంటివి, కానీ వాటి పీహెచ్ సాధారణంగా 7 చుట్టుపక్కల, ఒక్కోసారి ఇంకా పైన ఉంటుంది. బ్లూబెర్రీ కుండీలో వాటికి చోటు లేదు.

మీ ఇంటి మట్టి సంగతి తెలుసుకోవాలంటే నూరువరహాల మొక్కను చూడండి. దానికీ కొంచెం ఆమ్ల నేలే ఇష్టం. గోడ పక్కన, గచ్చు అంచున పెట్టిన నూరువరహాల లేత ఆకులు ఈనెల మధ్య పసుపెక్కి ఉంటే, అక్కడ బ్లూబెర్రీని నేలలో పెట్టే ఆలోచన మానుకోవడమే మంచిది. ఇంకో తేలిక పరీక్ష ఉంది. పిడికెడు మట్టి బాగా ఎండబెట్టి పొడి చేసి, దానిమీద ఘాటైన వెనిగర్ పొయ్యండి. బుసబుసమని నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టే. వంటింటి గట్టు కడప బండ అయితే, నిమ్మరసం ఒలికి తుడవకుండా వదిలేసిన చోట మెరుపు పోయి మచ్చ పడుతుంది కదా, జరిగేది అదే రసాయన చర్య. కడప బండ సున్నపురాయే. అక్కడ నిమ్మరసంలోని ఆమ్లం రాయిని కొంచెం తిని తానూ ఖర్చయిపోతుంది. మట్టిలో కూడా ఆమ్లం ముందు ఇలా ఖర్చవుతుంది. సున్నం అయిపోయాక గానీ పీహెచ్ దిగడం మొదలవ్వదు.

సున్నం లేకపోయినా మట్టికి ఆమ్లాన్ని పీల్చుకునే గుణం కొంత ఉంటుంది. బంకమట్టి రేణువులు, కుళ్లిన ఆకులు కాల్షియం, మెగ్నీషియంలను అంటిపెట్టుకుని ఉంటాయి, మనం పోసిన ఆమ్లానికి బదులుగా వాటిని కొద్దికొద్దిగా వదులుతాయి. అందుకే ఇసుక నేల త్వరగా మారుతుంది, బంక నేల మొండికేస్తుంది. ఒకే పీహెచ్ ఉన్న రెండు మట్టులకు గంధకం మోతాదు మూడు నుంచి అయిదు రెట్లు తేడా రావడానికి కారణం ఈ దాగి ఉన్న నిల్వే. పీహెచ్ మీటరు చూపించేది పైకి కనబడే అంకెనే.

వంటింటి చిట్కాల మాట

వెనిగర్, నిమ్మరసం, పుల్లమజ్జిగ. ఇవి మూడూ ఒక కుదురువే. వీటిలో ఉన్నవి సేంద్రియ ఆమ్లాలు. పోసిన వెంటనే మట్టి పీహెచ్ తగ్గుతుంది, మీటరు పెట్టి చూస్తే తగ్గినట్టే చూపిస్తుంది, మనసుకు తృప్తిగా ఉంటుంది. కానీ మట్టిలోని సూక్ష్మజీవులకు ఈ ఆమ్లాలు ఆహారం. మన వేసవిలో, ముప్పై డిగ్రీల తడి మట్టిలో, వాటిని ఖాళీ చేయడానికి ఎంతోకాలం పట్టదు. పైగా ఆమ్లం సున్నంతో కలిసి కాల్షియం సిట్రేట్‌గానో ఎసిటేట్‌గానో మారిందనుకోండి. సూక్ష్మజీవులు ఆ సిట్రేట్‌ను తినేశాక కాల్షియం మళ్లీ బైకార్బనేట్‌తో జతకడుతుంది. అంటే సున్నం ఎక్కడికీ పోలేదు, కొన్నాళ్లు వేషం మార్చిందంతే. నిమ్మరసం వాడి విసిగిపోయినవాళ్లు చెప్పే "తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదటికొచ్చింది" అన్న మాటకు వెనకున్న కారణం ఇది.

కాఫీ పిప్పి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, విశాఖలో ఫిల్టర్ కాఫీ తాగే ఇళ్లకు కొదవ లేదు, పిప్పి రోజూ మిగులుతుంది. కాఫీలోని ఆమ్లాలు చాలావరకు నీళ్లలో కరిగేవి కాబట్టి అవి డికాక్షన్‌లోకి దిగి మన కడుపులోకి పోతాయి. మిగిలిన పిప్పి తటస్థానికి దగ్గరగానే, 6.5 అటూ ఇటూ ఉంటుంది. మట్టిని గుల్లబరచడానికి, కంపోస్టు గుంతలో వేయడానికి బాగుంటుంది. ఆమ్లత్వం కోసమైతే దాన్ని నమ్ముకోవద్దు. కుండీ పైన మందంగా పరిస్తే అట్టకట్టి నీళ్లు దిగనివ్వదు కూడా.

పటిక పని చేస్తుంది. చేస్తుంది కాబట్టే జాగ్రత్త. బావి నీళ్లు తేర్చడానికి వాడే పటికలో అల్యూమినియం ఉంటుంది. అది నీళ్లలో కరిగి వెంటనే ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. కానీ పీహెచ్ 5 కిందికి దిగిన మట్టిలో కరిగిన అల్యూమినియం వేళ్ల కొసలను దెబ్బతీస్తుంది. పదే పదే వేస్తే పేరుకుపోతుంది. నేనైతే వద్దంటాను.

జిప్సం విషయంలో మన రైతుల అనుభవమే కొంత తికమకకు కారణం. చౌడు నేలకు జిప్సం వేస్తే పీహెచ్ తగ్గడం వాళ్లు కళ్లారా చూసినదే. అక్కడ జిప్సం చేసేది సోడియాన్ని వదిలించడం. 9 దాటిన చౌడు 8 దగ్గరికి దిగుతుంది, అంతకుమించి దిగదు. జిప్సంలో ఉన్న గంధకం ఇప్పటికే సల్ఫేట్ రూపంలో ఉంది కాబట్టి దాన్నుంచి కొత్తగా ఆమ్లం పుట్టదు. ఎప్సమ్ సాల్ట్‌దీ అదే కథ.

ఇక అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్). దీనివల్ల ఆమ్లత్వం నిజంగానే పెరుగుతుంది, ఇనుము కూడా అందుతుంది. కాకపోతే ఒక గ్రాము గంధకం చేసే పనికి ఎనిమిది తొమ్మిది గ్రాముల అన్నభేది కావాలి, అంత వేస్తే లవణాలు ఎక్కువైపోతాయి. దీన్ని మట్టి మార్చడానికి కాకుండా, పసుపెక్కిన ఆకుకు తాత్కాలిక ఊరటగా వాడుకోవాలి. ఇనుము లోపం కనబడ్డ వేరుశనగకు లీటరు నీళ్లలో 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి కొట్టడం మన దగ్గర పాత అలవాటు. బ్లూబెర్రీ లేత ఆకులకు అందులో సగం గాఢత చాలు, అదీ ఎండ తగ్గాక.

గంధకం ఎలా పనిచేస్తుంది?

గంధకం తానుగా ఆమ్లం కాదు. పొడిని చేత్తో పట్టుకున్నా, నీళ్లలో వేసినా ఏమీ జరగదు. మట్టిలో ఉండే థయోబాసిల్లస్ వర్గపు బ్యాక్టీరియా దాన్ని గాలిలోని ఆక్సిజన్‌తో కలిపి సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఇంత ఘాటైన ఆమ్లం కూడా అణువు అణువుగా, నెలల తరబడి పుడుతుంది కాబట్టి వేరు కాలదు. ఈ ఆమ్లం సున్నంతో కలిస్తే జిప్సం తయారవుతుంది. గాలి ఆడే మట్టిలో సల్ఫేట్‌ను సూక్ష్మజీవులు సిట్రేట్‌లా తినేయవు. జిప్సం నీళ్లలో కొద్దిగా కరుగుతుంది కాబట్టి వానాకాలంలో కాల్షియం దానితోపాటే కిందికి కొట్టుకుపోతుంది. నిమ్మరసానికీ గంధకానికీ ఉన్న తేడా అంతా ఇక్కడుంది. ఇది భూమిలో దొరికే ఖనిజమే, సేంద్రియ సాగులోనూ ఒప్పుకునేదే. సహజ పద్ధతి కావాలనుకునేవాళ్లు సందేహించక్కర్లేదు.

ఈ బ్యాక్టీరియాకు కావలసినవి మూడు: వెచ్చదనం, తడి, గాలి. చలి దేశాల్లో శీతాకాలమంతా ఈ పని ఆగిపోతుంది, అందుకే అక్కడ మొక్క పెట్టడానికి ఏడాది ముందే గంధకం కలిపి ఉంచమంటారు. విశాఖ మట్టి ఏడాది పొడవునా వెచ్చగానే ఉంటుంది కాబట్టి ఇక్కడ అంత ఆగక్కర్లేదు. సన్నటి పొడి వాడి, మట్టి ఆరిపోకుండా చూసుకుంటే రెండు మూడు నెలల్లోనే మార్పు కొలతకు అందుతుంది. నీళ్లు నిలిచిపోతే మాత్రం కథ తిరగబడుతుంది. గాలి ఆడని మట్టిలో కుళ్లిన గుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, అది వేళ్లకు విషం. అక్టోబరు తుపాన్లప్పుడు కుండీ అడుగు రంధ్రాలు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసుకోవాలి.

ఎరువుల దుకాణంలో 80 శాతం వెట్టబుల్ సల్ఫర్ అని అడిగితే ఈ గంధకం ఇస్తారు, బూడిద తెగులుకు కొట్టేదే. చాలా మెత్తటి పొడి కాబట్టి మట్టిలో త్వరగా పనిచేస్తుంది. కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, కళ్లలో పడితే బాగా మండుతుంది.

మోతాదు సంగతి. సున్నం లేని నేలను 7 నుంచి 4.5కి దించడానికి, అమెరికాలో బ్లూబెర్రీ రైతులకు ఇచ్చే పట్టికల ప్రకారం, చదరపు మీటరుకు ఇసుక నేలలో సుమారు 90 గ్రాముల గంధకం, గరప నేలలో 280, బంక నేలలో 420 పడుతుంది. అంతా ఒకేసారి వేయకుండా, ఒక్కో విడతకు 100 గ్రాములు దాటకుండా, మూడేసి నెలల ఎడంతో వేస్తూ కొలుచుకుంటూ పోవాలి.

ఇప్పుడు సున్నం ఉన్న మట్టి లెక్క చూడండి. 100 గ్రాముల కాల్షియం కార్బనేట్‌ను కరిగించడానికి 32 గ్రాముల గంధకం కావాలి. చదరపు మీటరు నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 200 కిలోలు. అందులో సిమెంట్ గచ్చో, గవ్వల పొడో ఒక్క శాతం ఉన్నా అది 2 కిలోలు. దాన్ని కరిగించడానికే 640 గ్రాములు పోతుంది. పీహెచ్‌ను అసలు దించే పని ఆ తర్వాత మొదలవుతుంది. పైగా చుట్టూ ఉన్న మట్టి నుంచి, గోడ నుంచి కొత్త సున్నం వస్తూనే ఉంటుంది. అందుకే నురగ వచ్చిన మట్టితో కుస్తీ పట్టకుండా కుండీకి మారిపొమ్మని గట్టిగా చెబుతున్నాను.

కుండీలో అంతా మన చేతుల్లో ఉంటుంది. నలభై యాభై లీటర్ల గ్రో బ్యాగ్ గానీ ప్లాస్టిక్ డ్రమ్ము గానీ తీసుకోండి. సిమెంట్ కుండీ మాత్రం వద్దు, అది గోడల్లోంచే సున్నం వదులుతుంది. మిశ్రమంలో సగం కొబ్బరి పొట్టు. కోనసీమ కొబ్బరి పుణ్యమా అని మనకిది ఎక్కడైనా దొరుకుతుంది. విదేశాల్లో ఈ పనికి పీట్ వాడతారు, దాని పీహెచ్ 4 చుట్టూ ఉంటుంది. కొబ్బరి పొట్టుది 5.5 నుంచి 6.5, అంటే మన పని సగం అయిపోయినట్టే. ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు మూడు సార్లు మంచినీళ్లలో కడిగి పిండాలి, బ్లూబెర్రీ ఉప్పును బొత్తిగా ఓర్చుకోలేదు. మిగతా సగంలో మాగిన చెక్క బెరడు ముక్కలు, ఆకు తుక్కు, కొంచెం వరి ఊక, పదో వంతు నురగ రాని ఎర్రమట్టి. ఊక బూడిద వేయకూడదు, అది క్షారం. ఈ మిశ్రమానికి లీటరుకు 1 గ్రాము మించకుండా వెట్టబుల్ సల్ఫర్ కలిపి, తడిగా ఉంచి, రెండు నెలలయ్యాక కొలిచి మొక్క పెట్టాలి. కొబ్బరి పొట్టుకు ఆమ్లాన్ని పీల్చుకునే శక్తి తక్కువ కాబట్టి ఎక్కువ వేస్తే పీహెచ్ ఒక్కసారిగా 4 కిందికి జారిపోతుంది.

పైన మల్చింగ్‌కు సరుగుడు ఆకులు బాగుంటాయి. పైన్ ఆకులు వేస్తే మట్టి ఆమ్లమవుతుందని చాలాచోట్ల రాస్తుంటారు. పచ్చిగా ఉన్నప్పుడు వాటిలో ఆమ్లత్వం ఉన్నమాట నిజమే, కానీ పైన పరిచినంత మాత్రాన కింద మట్టి పీహెచ్‌లో చెప్పుకోదగ్గ మార్పు రాదు. సరుగుడును కూడా ఆ ఆశతో వేయవద్దు. మన ఎండకు పైపై వేళ్లు మాడకుండా కాపాడుతుంది, తడి నిలుపుతుంది, అంతే చాలు. ఒడ్డున ఏరి తెచ్చినవైతే ఉప్పూ ఇసుకా పోయేలా కడిగి వాడండి.

నీళ్ల లెక్క

బ్లూబెర్రీని ఎక్కువగా దెబ్బతీసేది బోరు నీళ్లేనని నా అభిప్రాయం. గీజరు కాయిల్‌కు, కుళాయి మూతికి తెల్లగా పేరుకునేది ఏదో మీ కుండీలోనూ రోజూ అదే పేరుకుంటోంది. నీళ్ల పీహెచ్ 7.5 ఉందా 8 ఉందా అన్నదాని కంటే అందులో సున్నంలాగే ఆమ్లాన్ని మింగే బైకార్బనేట్ ఎంత ఉందన్నది ముఖ్యం. నీటి పరీక్ష చేయిస్తే కాగితంలో ఆల్కలినిటీ అనే వరసలో కనబడుతుంది. అది లీటరుకు 250 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. రోజుకు 2 లీటర్లు పోస్తే అర గ్రాము సున్నంతో సమానం. 300 రోజుల్లో 150 గ్రాములు. దాన్ని కరిగించడానికి 48 గ్రాముల గంధకం కావాలి. నలభై లీటర్ల కుండీకి మొదట్లో మనం వేసిన గంధకం మొత్తం కంటే ఇది ఎక్కువ! ఏడాది తిరిగేసరికి బోరు నీళ్లే గెలుస్తాయి.

వాన నీళ్లలో ఈ బాధ లేదు. అందులో బైకార్బనేట్ లేనట్టే, పీహెచ్ కూడా సహజంగా 5.6 దగ్గర ఉంటుంది. విశాఖలో ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 100 చదరపు మీటర్ల మేడ మీద అది లక్ష లీటర్లు. వాన లేని రోజులు 240 అనుకుంటే రోజుకు 2 లీటర్ల చొప్పున ఒక మొక్కకు 480 లీటర్లు చాలు. అంటే ఒక్కో మొక్కకు 500 లీటర్ల ట్యాంకు ఒకటి. అక్టోబరు, నవంబరు వానలకు నింపి మూతపెట్టుకుంటే ఎండాకాలం చాలావరకు గడిచిపోతుంది. మేడకు చల్లదనం కోసం సున్నం కొట్టించి ఉంటే మాత్రం ఆ నీళ్లు పట్టవద్దు. మొదటి వాన కూడా దుమ్మూ ధూళీ కడుక్కుపోయేలా వదిలేయాలి.

ఇంకో మంచి వనరు ఏసీ. మన ఊరి గాలిలో ఉన్న తేమకు ఏసీ పైపు కింద బకెట్ పెడితే రాత్రికి కొన్ని లీటర్లు చేరతాయి. ఆవిరి చల్లబడి వచ్చిన నీళ్లు కాబట్టి అందులో లవణాలు దాదాపు ఉండవు. ఆర్‌ఓ ఫిల్టర్ బయటికి వదిలే నీళ్లు మాత్రం ఎంత వృథా అనిపించినా దీనికి పోయకూడదు. శుద్ధి చేసిన నీళ్లలోంచి తీసేసిన లవణాలన్నీ చేరేది వాటిలోనే.

బోరు తప్ప గతి లేనప్పుడు నిమ్మ ఉప్పు అక్కరకు వస్తుంది. 10 లీటర్లకు అర టీస్పూనుతో మొదలుపెట్టి, కలిపి, పీహెచ్ స్ట్రిప్‌తో చూస్తూ 5.5 దగ్గరికి తెచ్చుకోవాలి. నీళ్లలోని బైకార్బనేట్ విరిగి కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది, ఆ పూటకు వేరు చుట్టూ ఇనుము అందుబాటులోకి వస్తుంది. సిట్రేట్ గురించి పైన చెప్పింది ఇక్కడా వర్తిస్తుంది కనుక ఇది వేసవి గట్టెక్కించడానికే తప్ప శాశ్వత ఏర్పాటు కాదు. బ్యాటరీ ఆసిడ్ కలపమని చెప్పేవాళ్లూ ఉన్నారు. పిల్లలు తిరిగే మేడ మీద అంత ప్రమాదం అక్కర్లేదు, మాట వినకండి.

ఎరువు కూడా పీహెచ్ మీద పనిచేస్తుంది. అమ్మోనియం సల్ఫేట్ ఆమ్లత్వం పెంచుతుంది, మొక్క కోరే నత్రజనీ అదే. రసాయన ఎరువు వద్దనుకుంటే నూనె చెక్కలు ఉన్నాయి. బయటి దేశాల్లో బ్లూబెర్రీకి పత్తి గింజల పిండి వేయడం పాత అలవాటు. మన దగ్గర ఆ పత్తి చెక్కను గేదెలకు పెడతాం. దాణా కొట్లో దొరుకుతుంది. కుళ్లేటప్పుడు దాని నత్రజని ముందు అమ్మోనియంగానే బయటికొస్తుంది. దానికి వేప పిండి జత చేస్తే ఇంకా మేలు. అమ్మోనియం నైట్రేట్‌గా మారడాన్ని వేప నెమ్మదింపజేస్తుంది. దేశంలో 2015 నుంచి యూరియాకు వేప పూత తప్పనిసరి చేసిన కారణాల్లో ఇదొకటి. నెలకోసారి గుప్పెడు చాలు, ఆత్రపడి ఎక్కువ వేస్తే వేళ్లు తట్టుకోలేవు. పొటాష్ అవసరమైతే క్లోరైడ్ ఉన్న మ్యూరియేట్ రకం కాకుండా సల్ఫేట్ రకం వాడాలి.

కొలత లేకుండా ఇదంతా చీకట్లో బాణం వేయడమే. మట్టిలో గుచ్చే రెండు ముల్లుల మీటర్లు నమ్మదగినవి కావు. పెన్నులా ఉండే డిజిటల్ మీటరు కొని, దానితో వచ్చే పొడులతో 4, 7 దగ్గర సరిచేసుకుని, ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి అరగంట ఆగి చూడండి. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ సరిపోతుంది. రెండు మూడు నెలలకోసారి, ఎప్పుడూ కుండీలో అదే లోతు నుంచి మట్టి తీసి కొలిచి రాసుకుంటే, అంకె ఎటు నడుస్తోందో తెలుస్తుంది. 5.5 దాటి పైకి పోతుంటే కొంచెం గంధకం. 4.5 కిందికి దిగితే గంధకం ఆపేయడమే మందు.

పీహెచ్ అంతా సరిగ్గా ఉన్నా విశాఖలో మిగిలే అడ్డంకి చలి. అమెరికా ఉత్తరాది రకాలకు శీతాకాలంలో 7 డిగ్రీల కంటే తక్కువ చలి 800 గంటలకు పైగా కావాలి. మన ఊళ్లో జనవరి రాత్రులు కూడా 17, 18 డిగ్రీలే. కాబట్టి మొక్క కొనేటప్పుడు రకం పేరు అడగాలి. బిలాక్సీ, మిస్టీ, షార్ప్‌బ్లూ లాంటి తక్కువ చలి చాలే అమెరికా దక్షిణాది రకాలైతేనే తీసుకోవాలి. పేరు చెప్పలేని చోట కొనకపోవడం నయం. 1998లో విడుదలైన బిలాక్సీ, ఆకు రాల్చకుండానే కాపు కాయగలదు కాబట్టి వెచ్చని దేశాల్లో విస్తరించింది. ఇప్పుడు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బ్లూబెర్రీ ఎగుమతి చేస్తున్న పెరూ దాన్ని పండించింది సముద్రతీరపు ఎడారిలో, డ్రిప్పు నీళ్లను ఆమ్లీకరించి. అక్కడి రాత్రులు మనకంటే చల్లన, కాబట్టి అంత కాపు విశాఖ మేడ మీద వస్తుందని నేను ఆశ పెట్టను. ఉదయపు ఎండ తగిలి మధ్యాహ్నం నీడపడే చోట, సముద్రపు ఉప్పు గాలి నేరుగా కొట్టని మూల చూసుకుంటే మొక్క ఆరోగ్యంగా పెరుగుతుంది, కాసిని పళ్లూ చూడొచ్చు.

ఏజెన్సీలో పొలం ఉన్నవాళ్ల పరిస్థితి వేరు. చింతపల్లి, లంబసింగి, అరకు వైపు వాన ఎక్కువ. కొండ నేలల్లో కాల్షియం కొట్టుకుపోయి సహజంగానే ఆమ్లత్వం ఎక్కువగా ఉంటుంది, శీతాకాలంలో చలి ఒక అంకెలోకి దిగుతుంది. అక్కడ భూసార పరీక్షలో 5.5 లోపు వస్తే గంధకం పని చాలా తక్కువ. నీళ్లు నిలవకుండా ఎత్తు మడులు కట్టుకుని, ఊట నీటి ఆల్కలినిటీ ఒకసారి చూపించుకుంటే చాలు, తక్కువ చలి రకాలను నేలలోనే పెట్టి చూడొచ్చు. నగరంలో ఉండి ఇన్ని ఏర్పాట్లు కుదరవనుకునేవాళ్లు అదే కొబ్బరి పొట్టు మిశ్రమంలో అనాస పిలక నాటుకోండి. దానికీ 4.5 నుంచి 6 మధ్య ఆమ్ల నేలే ఇష్టం, చలి అక్కర్లేదు, మన ఎండకూ ఉక్కకూ అలవాటైన మొక్క.